అరువు పద్దు: దేశాంతరముల వీధి కొట్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



నాకంటె ముందు మాటలాడిన పెద్దలు గ్రంథాలయోద్యమమును గూర్చియు, సాహిత్యమును గూర్చియు చక్కగా సెలవిచ్చిరి. నాకు వచ్చిన పని వేఱు. "మీరు జమాఖర్చులు వ్రాయువారు గదా, ఇక్కడి పుస్తకములలో దేశదేశముల సంగతులు చదువుచుందురు గదా, ఆ రెండును గలిపి ఏదైన చెప్పుడు" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. అందుచేత దేశాంతరములందలి చిన్న వీధి కొట్లను గూర్చియు, వానిలో నడచెడి అరువు పద్దులను గూర్చియు నాకు తెలిసినంత చెప్పదలచితిని. ఇది లెక్కలవాని ప్రసంగము. అలంకారములు తక్కువగా నుండును, క్షమింపుడు.

ముందుగా ఒక మాట పుట్టుపూర్వోత్తరములు. మన గ్రామములలో కరణముగారి కాగితముల మూటను "దఫ్తరము" అనుట పెద్దలకు జ్ఞాపకముండును. కరణీకములు 1984లో పోయినవి గాని ఆ మాట పోలేదు. ఈ మాట మనకు పారసీకమునుండి వచ్చినదని చాలమంది ఎఱుగుదురు. అంతకు ముందు దాని పుట్టినిల్లు గ్రీకు భాష. గ్రీకున "డిఫ్తెరా" అనగా తోలు. వ్రాతకొఱకు చక్కజేసిన తోలు. ఆ తోలు పారసీకులకడ "దఫ్తర్" అయి, తురుష్కులకడ "దెఫ్తెర్" అయి, ఇటు మన తెలుగునాటికి దఫ్తరమై దిగినది. అటు తురుష్కుల ఏలుబడిలో నున్న గ్రీకులో, తమ యింటి బిడ్డను తామే గుర్తింపలేక, "తెఫ్తేరి" అని ఆ మాటను మరల అరువు తెచ్చుకొనిరి. గ్రీకు దేశమున తెఫ్తేరి అన్నచో తలంపునకు వచ్చునది పచారి కొట్టువాని అరువు పుస్తకమే. తానిచ్చిన సొమ్మును తానే మరల అరువు తెచ్చుకొన్న వింత ఇంకొక పద్దులో నేను చూడలేదు.

కొట్టువాని పేరుకును ఇట్టి కథయే గలదు. అరబ్బీలో "బఖ్ల్" అనగా ఆకుకూర. కూరలమ్మువాడు "బక్కాల్". తురుష్కులు పచారి కొట్టువానిని ఆ పేరుతోనే పిలుతురు. గ్రీకులు "బకాలిస్" అందురు. అరబ్బు దేశములలో కొట్టునకే "బకాలా" అని పేరు. 1556లో పానిపట్టున అక్బరు సేనతో పోరాడి ఓడిన హేమూను మొగలాయి చరిత్రకారులు "బక్కాల్" అని వ్రాసిరి. చులకన చేయవలెనని వ్రాసిరి గాని, కొట్టు నడపినవాడు సైన్యమును నడపుట చులకన యెట్లగునో నాకు బోధపడలేదు.

ఇక అసలు సంగతి. ఇస్తాంబుల్ మహానగరము కోటిన్నర జనము గలది. ఐనను అందలి బ్రదుకు "మహల్లె" అను పేటలలో నడచును. మన హైదరాబాదువారు మొహల్లా అనునది ఇదియే. ప్రతి పేటలోను మూలమీద ఒక బక్కాల్ ఉండును. కొట్టు చాల చిన్నది. ఇద్దరు లోనికి వచ్చిన మూడవవాడు బయట నిలువవలెను. అందు రొట్టెలు, జున్ను, ఉప్పులో నూరిన ఆలివు కాయలు, తేయాకు, పంచదార, సబ్బులు, దినపత్రికలు ఉండును. అక్కడి పాత యిండ్లు నాలుగైదు అంతస్తులవి. పై అంతస్తులోని ముదుసలి మెట్లు దిగలేదు. కిటికీనుండి త్రాడు కట్టిన బుట్టను క్రిందికి దింపి, "రెండు రొట్టెలు, ఒక పత్రిక" అని కేక వేయును. కొట్టు కుఱ్ఱవాడు వానిని బుట్టలో పెట్టును. త్రాడు పైకి పోవును. బుట్టలో సొమ్ము దిగినచో సరి. దిగనిచో పుస్తకములో నెక్కును. పిల్లవాడు వచ్చి సరుకు తీసికొని "యాజ్ దెఫ్తెరె" అనును. పుస్తకములో వ్రాయుమని దాని యర్థము. అంతటితో బేరము ముగిసినది. సంతకము లేదు, రశీదు లేదు, వడ్డీ మాట లేదు. ఊరికి పోవువారు తమ యింటి తాళపు చెవిని సైతము బక్కాల్ వద్ద నుంచి పోవుటయు, బడినుండి వచ్చిన పిల్లవాడు దాని నడిగి తీసికొనుటయు అక్కడి యలవాటు. కొట్టువానిని పిల్లలు "బక్కాల్ అమ్జా" అందురు. అమ్జా అనగా తండ్రి సోదరుడు. మనవారు కొట్టువానిని బాబాయి అని పిలుచుట వంటిదే.

నేను ముప్పది సంవత్సరములుగా లెక్కలు వ్రాయుచున్నవాడను. ఇట్టి పుస్తకమును గూర్చి చదివినప్పుడు నాకు మొదట కలిగినది మెచ్చుకోలు కాదు, భయము. ఋణాదానమును గూర్చి మన ధర్మశాస్త్రములు ఎంత జాగ్రత్తగా చెప్పినవో విజ్ఞులెఱుగుదురు. మనువు వ్యవహార పదములు పదునెనిమిదింటిలో మొదటిదిగా లెక్కించినది ఋణాదానమునే. యాజ్ఞవల్క్యుడు ప్రమాణములు మూడని చెప్పెను: లిఖితము, భుక్తి, సాక్షులు. కేతన ఆ ధర్మములను విజ్ఞానేశ్వరీయముగా తెనిగించి ఏడువందల యేండ్లు దాటినది. ఆ కొలతతో బక్కాల్ పుస్తకమును కొలిచి చూడుడు. లిఖితము గలదు, కాని అది ఋణదాత తన చేతితో తాను వ్రాసికొన్నది. బాకీదారుని వ్రాలు లేదు. సాక్షి లేడు. తిన్న రొట్టెకు భుక్తి యేమి చూపవలెను? మన దేశములో 1872 నాటి సాక్ష్య చట్టము 34వ సెక్షను, క్రమముగా వ్రాసిన జమాఖర్చు పుస్తకములోని పద్దు సాక్ష్యమునకు పనికివచ్చును గాని ఆ యొక్క పద్దును బట్టియే యొకని బాకీదారునిగా నిర్ణయింపరాదని చెప్పినది. 2024 జూలైలో అమలునకు వచ్చిన క్రొత్త సాక్ష్య అధినియమమును ఆ సూత్రమునే నిలిపినది. అనగా ఆ పుస్తకము మన న్యాయస్థానమునకు వచ్చినచో ఒంటిగా నిలువజాలదు. ఐనను వీధిలో నిలుచుచున్నది. (మన గ్రంథాలయములో పుస్తకము తీసికొన్నవారు సంతకము కూడ చేయుదురు. ఐనను తిరిగి రాని పుస్తకముల జాబితా నావద్ద గలదు. నేడు శుభదినము గనుక దానిని చదువను.)

అది యెట్లు నిలుచుచున్నది? దానిని దానమని భ్రమింపరాదు. బక్కాల్ ధర్మసత్రము నడపుటలేదు. పెద్ద దుకాణములో కంటె అతని సరుకు ధర కొంచె మెక్కువ. వడ్డీ పద్దులో కనబడదు గాని ధరలో నుండును. బాకీ యున్నవాడు వేఱొక కొట్టునకు పోవుటకు మొగము చెల్లదు గనుక బేరము నిలుచును. ఏ యింట ఎవరికి జీతము ఏ తేదీన వచ్చునో, ఎవరి పింఛను ఏనాడు అందునో, ఎవరి కుమారునకు ఉద్యోగము పోయినదో అతనికి తెలియును. ఏ బ్యాంకువాడును ఇన్ని సంగతులు కాగితముల మీద రాబట్టజాలడు. అతనికిని టోకు వర్తకుడు కొంత సరుకు అరువు మీదనే యిచ్చును. కావున ఈ నమ్మకము గ్రుడ్డిది కాదు. దినమునకు రెండు పర్యాయములు మొగము చూచుటచేత పుట్టినది. పద్దు ఎగవేసినవాడు మరునాటి ఉదయము రొట్టెకు ఎక్కడికి పోవును?

ఐనను నష్టము రాకపోదు. తురుష్క దేశమున ధరలు పెరిగిన తీరు లెక్కలవాని గుండెలు అదరగొట్టునట్టిది. 2005 జనవరి 1వ తేదీన ఆ ప్రభుత్వము తమ నాణెమునుండి ఆఱు సున్నలు తీసివేసినది. పాత లీరాలు పది లక్షలు క్రొత్త లీరా ఒకటి అయినది. ఆనాడు అరువు పుస్తకములు వ్రాసినవారి చేతులకు ఎంత తెఱపి కలిగినదో నేను ఊహింపగలను. మరల 2022 అక్టోబరు నాటికి సంవత్సరపు ధరల పెరుగుదల ప్రభుత్వ లెక్క ప్రకారమే నూటికి 85 దాటినది. ఆ వేగముతో లెక్క కట్టినచో, నూరు లీరాల సరుకు తీసికొని మూడు నెలలకు నూరు లీరాలు తెచ్చి యిచ్చినవాడు నిజమునకు 86 లీరాలే యిచ్చినట్లు. తక్కిన 14 కొట్టువాని మూలధనమునుండి పోయినవి. ఎగవేసినవాడు లేడు, మోసము లేదు. నిజాయితీగా తీర్చిన బాకీలోనే నష్టము! కావుననే "అరువు లేదు" అను పలకలు కొట్లలో వ్రేలాడుచుండును.

అక్కడి కొట్లలో ఒక బొమ్మ కూడ ప్రసిద్ధము. ఒక ప్రక్క రొక్కమునకు అమ్మినవాడు బొజ్జ నిమురుకొనుచు ఇనుప పెట్టె ప్రక్కన కూర్చుండును. రెండవ ప్రక్క అరువునకు అమ్మినవాడు బక్కచిక్కి, తల పట్టుకొని, చుట్టును చెల్లని కాగితములతో కూలబడియుండును, ఎలుకలు తిరుగుచుండును. ఈ బొమ్మ ఐరోపా, అమెరికా దేశములలోను వాడుకలో నుండెను. స్పానిషు భాష మాటలాడు దేశముల కొట్లలో "నేడు అరువు లేదు, రేపు ఇత్తుము" అని వ్రాసియుందురు. మన కొట్లలో "అరువు రేపు" అని వ్రాసిన పలకకును దానికిని అక్షరము భేదము లేదు. సముద్రములకు ఆవల నున్న కొట్టువాడును మన కొట్టువాడును ఒకరినొకరు చూడకయే ఒకే చమత్కారము చేసిరి. ఆ పలక క్రిందనే ఇద్దరును అరువు వ్రాయుచుండుట ఇంకొక చమత్కారము.

మంచి ప్రక్కనే చూపి ఊరకుండుట లెక్కలవానికి తగదు. పుస్తకము కొట్టువాని చేతిలో నున్నది. మాటయు అతని చేతిలోనే యుండును. ఎవరింట నెలాఖరున నూనె కొనలేదో, ఎవరు సరుకు తగ్గించి పొగాకు కొనిరో అతనికి తెలియును. ఆ తెలివిని అతడు దాచనూ వచ్చును, అరుగుమీద పంచనూ వచ్చును. బాకీ పెరిగిన యిల్లాలు తాను పోలేక పిల్లవానిని పంపును. పిల్లవాడు ఆ మాటను అందరి యెదుట వినవలసివచ్చును. నోటుమీద అప్పిచ్చినవానికి వడ్డీ కట్టినచో చాలును. ఇక్కడ తల కూడ వంపవలెను. మఱియు ఈ నమ్మకము తెలిసినవానికే గాని క్రొత్తవానికి లేదు. 2011 తరువాత సిరియా యుద్ధముచేత ముప్పది లక్షలకు పైగా శరణార్థులు తురుష్క దేశము చేరిరి. భాష రాని క్రొత్తవాని పేర పుస్తకములో ఒక పుట తెఱచుటకు ఎంత కాలము పట్టునో ఆలోచింపుడు. అక్కరగలవానికి తలుపు మూసికొని, తెలిసినవానికి తెఱచుకొను నమ్మకమిది.

ఈ తల వంపు దోషమును ఆ దేశపు పెద్దలు ఎఱుగకపోలేదు. దానికి వారు కనిపెట్టిన ఉపాయమును చదివిననాడు నేను రాత్రి చాలసేపు మేలుకొంటిని. ఆటోమాను సుల్తానుల కాలమునుండి వచ్చుచున్న ఆచారమిది. రంజాను మాసమున కలిగినవాడొకడు తన పేట విడిచి, తన్నెవ్వరు నెఱుగని పేటకు పోయి, అక్కడి బక్కాల్ కొట్టులో "మీకు అరువు పుస్తకము గలదా?" అని యడుగును. దానిని "జిమెమ్ దెఫ్తెరి" అందురు. బాకీల పుస్తకమని యర్థము. గలదనినచో, మొదటినుండి కొన్ని పుటలు, నడుమనుండి కొన్ని, చివరనుండి కొన్ని లెక్క కట్టుమనును. పేర్లు అడుగడు. మొత్తము సొమ్ము అక్కడ పెట్టి, ఆ పుటలు కొట్టివేయుమని చెప్పి తన పేరు చెప్పకయే పోవును. ఇచ్చినవానికి పుచ్చుకొన్నవాడెవడో తెలియదు. పుచ్చుకొన్నవానికి ఇచ్చినవాడు తెలియడు. బాకీ తీసికొన్నవాడు కొట్టునకు వచ్చినప్పుడు "నీ పద్దు చెల్లినది" అను మాటయే వినును. కృతజ్ఞత చెప్పవలసిన మొగమే లేనప్పుడు తల వంచుట ఎవరికి? మొదటి పుటలు, చివరి పుటలు అనుటలోను వివేకము గలదు. మొదటి పుటలలో నున్నది పాత బాకీ, అది తీర్చలేనివానిది. చివరి పుటలలో నున్నది ఈ నెలది. అది నేడు ఆకలిగొన్నవానిది. (ఈ భాష్యము నాది, వారెవ్వరు నిట్లు చెప్పినట్లు నేను చదువలేదు.)

ఆ ఆచారము నేటికిని పోలేదు. 2020లో కోవిడు వ్యాధి ప్రబలి పనులు నిలిచిపోయినప్పుడు పేరు చెప్పని దాతలు కొట్ల పుస్తకములు చెల్లించిన వార్తలు వచ్చినవి. ఆ సంవత్సరమే ఇస్తాంబుల్ నగరపాలకులు ఆ పద్ధతినే నీటి బిల్లులకును గ్యాసు బిల్లులకును వర్తింపజేసిరి. కట్టలేనివాడు తన బిల్లును పెట్టును; కట్టగలవాడు పేరు తెలియకయే చెల్లించును. రొట్టెల దుకాణములో రెండింటికి సొమ్మిచ్చి ఒకటి తీసికొని, రెండవదానిని లేనివాని కొఱకు వ్రేలాడదీయించుటయు అక్కడి వాడుకయే. ఇటలీలో నేపుల్సు నగరమున కాఫీకి ఇట్టి సంప్రదాయమే కలదు; త్రాగినది ఒక కప్పు, సొమ్ము రెండింటికి.

ఫిలిప్పీను దీవుల "సరి-సరి" కొట్లను గూర్చియు ఒక మాట. ఇంటి ముందరి గదికి కమ్మీలు కట్టి, కిటికీలోనుండి అమ్మెడి కొట్లవి. అక్కడ ఒక వెల్లుల్లి రెబ్బ, ఒక చుట్ట, గరిటెడు నూనె కూడ అమ్ముదురు. నిత్యము వచ్చువానిని "సూకి" అందురు, అతనికే అరువు. డబ్బా కొనలేనివాడు చిటికెడు కొనును. చిటికెడు చిటికెడుగా కొన్నవాడు డబ్బాకంటె ఎక్కువ యిచ్చును. ఇది మనకు క్రొత్త గాదు గనుక విస్తరింపను.

ఇప్పుడు మనవారి సంగతికి వత్తును. మన జిల్లాలనుండి గల్ఫు దేశములకు పోయినవారు ఈ సభలోనే చాలమంది యున్నారు. వారికి బకాలా అనినచో వివరింప నక్కఱలేదు. కూలీల వసతుల ప్రక్కన నుండు ఆ కొట్లు చాలవఱకు మలయాళీల చేతిలో నడచును. జీతము వచ్చువఱకు బియ్యము, పప్పు, పాలపొడి, ఫోను కార్డు పుస్తకము మీదనే యిత్తురు.

మన యూరి యువకుడొకడు 2010లో అబూధాబీ పోయినాడు. అతని పేరు చెప్పను. ఈ పందిరిలో నున్నాడో లేడో కూడ చెప్పను. అతడు పనిచేసిన చిన్న గుత్తేదారు నాలుగు నెలలు జీతమీయలేదు. ఆ నాలుగు నెలలు అతనికిని, అతని గదిలోని వారికిని అన్నము పెట్టినది బకాలా పుస్తకము. కొట్టు యజమాని మలయాళములో వ్రాయును. ఇతనికి ఆ లిపి రాదు. తన బాకీని తాను చదువలేడు. ఎంత వ్రాసినాడో అడుగను లేదు. అతడు ఎక్కువ వ్రాయలేదు, ఇతడు కాదనలేదు. 2012లో ఆ గుత్తేదారు చేతులెత్తివేయగా ఇతనిని ఇంటికి పంపిరి. అప్పటికి బాకీ 640 దిర్హాములు. వీడ్కోలు చెప్పబోయి ఇతడు కన్నీరు పెట్టుకొనగా, కొట్టు యజమాని "ముందు ఊరు చేరు, తరువాత పంపుదువులే" అన్నాడట.

ఊరు చేరిన పిమ్మట ప్రయాణమునకు చేసిన అప్పులు మీదపడినవి. అవి నోట్లు వ్రాసి చేసినవి, సాక్షులు గలవి. వానిని ముందు తీర్చినాడు. వ్రాలు లేని బాకీ వెనుకకు పోయినది. ఈ విషయము నాకు చెప్పునప్పుడు అతడు నా మొగము చూడలేదు. 2014లో సొమ్ము కూడబెట్టి, అబూధాబీ పోవుచున్న మిత్రునిచేత పంపినాడు. కొట్టు లేదు. 2013 ఆరంభమునుండి అక్కడి ప్రభుత్వము బకాలాల రూపురేఖలకును, సరుకు నిలువకును, పరిశుభ్రతకును క్రొత్త నిబంధనలు పెట్టినది. నిబంధనలు మంచివే కావచ్చును. ఆ ఖర్చు భరింపలేని చిన్న కొట్లు చాల మూతపడినవి. ఆ యజమాని ఎక్కడికి పోయెనో చెప్పగలవా రెవ్వరును లేకపోయిరి. ఫోను పలుకలేదు. సొమ్ము తిరిగి వచ్చినది.

అప్పుడతడు నావద్దకు వచ్చి, "బాబాయిగారూ, ఈ ఆరువందల నలభై ఎక్కడ వ్రాయాలి?" అని యడిగెను. నేను వృత్తి ధర్మముగా, "ఇటువంటి బాకీకి మన చట్టములో గడువు మూడేండ్లు. అదియును దాటవచ్చినది, కాలదోషము పట్టినచో నీవు కట్టనక్కఱలేదు" అంటిని. అతడు "గడువు సంగతి నేనడగలేదండీ" అన్నాడు. నాకు సిగ్గు కలిగినది. తరువాత, ఇక్కడ చదివిన జిమెమ్ పుస్తకపు కథ అతనికి చెప్పితిని.

అతడు ఆ దిర్హాముల విలువ కట్టి, పదివేల ఆఱువందల రూపాయలు తీసికొని, నన్ను వెంటబెట్టుకొని మన యూరి పచారి కొట్టునకు వచ్చెను. కొట్టు యజమానికి విషయము చెప్పునప్పటికి తల ప్రాణము తోకకు వచ్చినది. "ఎవరి ఖాతాకి జమ కట్టమంటారు?" అనెను. "మీ యిష్టము. పాత పుటలలో కొన్ని, ఈ నెలవి కొన్ని. పేర్లు మాకు చెప్పవద్దు" అంటిని. అతడు మా యిద్దరిని మార్చి మార్చి చూచి, "ఎన్నికలు ఇప్పట్లో లేవు గదా పంతులుగారూ?" అనెను. లేవంటిని. "పోనీ, జమ యిచ్చినవారి పేరేమని వ్రాయను?" అనెను. యువకుడు తల యడ్డముగా ఊపెను.

ఎవరి బాకీలు చెల్లినవో నేనెఱుగను. తామును ఊహింపవలదని మనవి. జమ వ్రాసిన పుటను మాత్రము కొట్టు యజమాని నాకు చూపినాడు. తేదీ గలదు, మొత్తము గలదు, పేరుండవలసిన చోటు ఖాళీగా నున్నది. నా క్రింది గుమాస్తా అట్టి పద్దు తెచ్చినచో నేను త్రిప్పి పంపుదును. అతని పుస్తకమును మాత్రము ఏమియు ననక మూసి, అతని చేతికిచ్చి వచ్చితిని.